కొత్తగా వచ్చిన శరణార్థి కుటుంబానికి మీ క్లబ్ తోడుగా నిలవాలంటే: మెల్‌బోర్న్ నుంచి ఒక గైడ్

రోటరీ, లయన్స్ లాంటి సేవా క్లబ్బుల్లో మన తెలుగువాళ్లు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. ముఖ్యంగా మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్, వెర్రిబీ వైపు. ఆ వెర్రిబీ చుట్టుపక్కలే బర్మా నుంచి వచ్చిన కరెన్ శరణార్థులు కూడా ఏళ్లుగా ఉంటున్నారు. ఒకే సూపర్ మార్కెట్‌కి వెళ్తాం, పిల్లలు ఒకే బడిలో చదువుతారు, పలకరింపు మాత్రం తక్కువ. కొత్తగా దిగే కుటుంబానికి ఏదైనా చేద్దాం అని క్లబ్ మీటింగ్‌లో ఎవరైనా అన్నారంటే అది చాలా మంచి మాట. ఆ మాట మంచి పనిగా మారాలంటే ఏం చేయాలో వరుసగా చెప్తాను.

మొదటే ఒకటి గట్టిగా చెప్పాలి. ఏడాది తిరిగేసరికి ఆ కుటుంబానికి మీ అవసరం లేకుండా పోవాలి. దిగిన రోజు నుంచి నిర్ణయాలన్నీ వాళ్లవే కావాలి. కింద రాసిన ప్రతి సలహా ఈ ఉద్దేశంతో రాసిందే.

సోఫాలు సేకరించకముందే, మీరు సాయం చేయబోయేది ఎవరికో తేల్చుకోండి

ఆస్ట్రేలియాకు ఏటా 20,000 మందిని మానవతా కోటాలో తీసుకుంటున్నారు. అందులో ఎక్కువమంది పర్మనెంట్ వీసాతో దిగుతారు. ఎయిర్‌పోర్టులో కేస్ వర్కర్ ఎదురొస్తారు. ఇల్లు, బ్యాంకు, బడి పనులు ప్రభుత్వం డబ్బుతో నడిచే సంస్థ చూసుకుంటుంది. మెల్‌బోర్న్‌లో ఎన్నో ఏళ్లుగా ఈ పని చేస్తున్నది ఏమ్స్ ఆస్ట్రేలియా. ఇలాంటి కుటుంబానికి క్లబ్ చేయగలిగింది కేస్ వర్కర్ అడిగినదాంట్లో చేయి వేయడం. అంటే సామాన్లు, డ్రైవింగ్ నేర్పడం, ఇంగ్లిష్‌లో కబుర్లు, ఉద్యోగం వెతకడం లాంటివి.

రెండో దారి క్రిస్ప్. ఇది 2022లో మొదలైన ప్రభుత్వ కార్యక్రమం, దీన్ని నడిపించేది కమ్యూనిటీ రెఫ్యూజీ స్పాన్సర్‌షిప్ ఆస్ట్రేలియా అనే సంస్థ. ఇందులో మామూలు మనుషులే గ్రూపుగా ఏర్పడి, ట్రైనింగ్ తీసుకుని, ఒక కుటుంబం బాధ్యతను ఏడాదిపాటు మోస్తారు. ఈ దేశంలో చుట్టాలూ తెలిసినవాళ్లూ లేని కుటుంబాలనే ఇలా కలుపుతారు. ఎయిర్‌పోర్ట్ దగ్గర నిలబడేది కూడా మీరే. బాధ్యత పెద్దది, తృప్తీ పెద్దదే.

మూడో రకం, ఇక్కడికి వచ్చాక శరణు కోరి, తాత్కాలికమైన బ్రిడ్జింగ్ వీసా మీద తీర్పు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు. వీళ్లలో కొందరికి పనిచేసే హక్కు ఉండదు, ప్రభుత్వ వైద్య పథకం మెడికేర్ కూడా ఉండకపోవచ్చు. అవసరం అందరికంటే ఎక్కువ, దొరికే సాయం అందరికంటే తక్కువ. ఫుట్‌స్క్రేలో ఉన్న అసైలమ్ సీకర్ రిసోర్స్ సెంటర్ లాంటి చోట్లకు వెళ్లి, వాళ్ల ద్వారానే పని చేయండి. వీసా విషయంలో మాత్రం మీరు సలహా ఇవ్వకండి. "నాకు పీఆర్ ఇలా వచ్చింది" అని మన అనుభవం చెప్పడం కూడా ప్రమాదమే. రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంటో లాయరో కానివాళ్లు ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వడం చట్టం ఒప్పుకోదు.

తర్వాత మీ గ్రూపును చక్కబెట్టుకోండి

గ్రూపులో పని పంచుకోండి. ఇల్లు ఒకరు, డబ్బు లెక్కలు ఒకరు, ఆరోగ్యం, బడి ఒకరు, ఇంగ్లిష్, ఉద్యోగం ఒకరు. కుటుంబంతో రోజూ మాట్లాడే మనిషి మాత్రం ఒక్కరే ఉండాలి. అయిదుగురు అయిదు వైపుల నుంచి ఫోన్ చేస్తుంటే కొత్తగా వచ్చినవాళ్లకు సాయం కాదు, టెన్షన్. పిల్లలతో మెలిగేవాళ్ల నేపథ్యం చూసే వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ అందరూ చేయించుకోండి. విక్టోరియాలో వాలంటీర్లకు అది ఉచితం.

డబ్బు కోసం బన్నింగ్స్ హార్డ్‌వేర్ షాపు ముందు సాసేజ్ సిజిల్ (సాసేజ్‌లు కాల్చి అమ్మే స్టాల్) పెట్టడం ఇక్కడి క్లబ్బులకు అలవాటైన పనే. మన సంక్రాంతి, దీపావళి కార్యక్రమాల్లో ఫుడ్ స్టాల్ పెట్టినా బాగానే వస్తుంది. విరాళం రసీదుకు టాక్స్ మినహాయింపు వర్తిస్తుందో లేదో ముందే తేల్చుకుని దాతలకు అదే చెప్పండి. వచ్చిన డబ్బుకు విడిగా అకౌంట్ ఉంచండి.

రెండు నియమాలు మొదటి మీటింగ్‌లోనే మినిట్స్‌లో రాయించండి. ఒకటి, ఫొటోలు వద్దు. మన సంఘాల్లో ఏ మంచి పని చేసినా గ్రూప్ ఫొటో, ఫేస్‌బుక్ పోస్టు ఉండాల్సిందే. ఇక్కడ అది కుదరదు. వాళ్ల అమ్మానాన్నలో, తమ్ముడో ఇంకా కాబూల్‌లోనో, యాంగోన్‌లోనో ఉండి ఉండవచ్చు. ఇక్కడ బ్యానర్ పట్టుకుని నవ్విన ఫొటో అక్కడ ఎవరి కంట పడుతుందో మనకు తెలియదు. పైగా సాయం తీసుకుంటున్నవాళ్లు వద్దని చెప్పలేరు. రెండు, మతం ఊసు వద్దు. గుడికి రమ్మని గానీ చర్చికి రమ్మని గానీ పిలవకండి. వాళ్లంతట వాళ్లు మసీదు ఎక్కడ, చర్చి ఎక్కడ అని అడిగితే చూపించండి.

ఇల్లు: అన్నిటికంటే కష్టమైన పని

మెల్‌బోర్న్‌లో అద్దె ఇంటి కోసం తిరిగినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. శనివారం ఇన్‌స్పెక్షన్, గేటు బయట క్యూ, రెంటల్ హిస్టరీ ఏదని ఏజెంట్ ప్రశ్న. మనం వచ్చిన కొత్తలో జీతం స్లిప్పో, కజిన్ ఇంటి అడ్రసో చూపించుకున్నాం. వీళ్ల చేతిలో వీసా కాగితం తప్ప మరేమీ ఉండదు. అందుకే అప్లికేషన్‌తోపాటు క్లబ్ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం పెట్టండి. కుటుంబం ఎవరు, ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది, ఏడాదిపాటు ఎవరు తోడుంటారు, ఏ నంబర్‌కి ఫోన్ చేయాలి అనేవి అందులో ఉండాలి. వీలైతే క్లబ్‌లోనే రియల్ ఎస్టేట్ ఏజెంట్‌నో, ఖాళీ ఇల్లున్న మెంబర్‌నో వెతకండి. ఆన్‌లైన్‌లో యాభై అప్లికేషన్లు పెట్టడం కంటే తెలిసిన ఓనర్‌తో ఒక్కసారి మాట్లాడటం నయం.

చాలా మంచి గ్రూపులు కూడా తడబడేది అద్దె లెక్క దగ్గరే. క్లబ్ దగ్గర డబ్బుంది కదా అని మూడు నెలలు అద్దె కట్టి, మంచి ఏరియాలో నాలుగు బెడ్‌రూమ్‌ల ఇల్లు ఇప్పిస్తారు. నాలుగో నెలలో ఆ అద్దె సెంటర్‌లింక్ (ప్రభుత్వ భత్యాలిచ్చే ఆఫీసు) డబ్బులకు అందదు. కుటుంబం ఇల్లు ఖాళీ చేయాలి, పిల్లలు బడి మారాలి. అంతా మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి వాళ్లకు వచ్చే సెంటర్‌లింక్ డబ్బు, రెంట్ అసిస్టెన్స్ కలిపి లెక్కేసి, క్లబ్ రూపాయి లేకుండా నిలబడగలిగే ఇల్లు చూడండి. చిన్నదైనా సరే, రైలు స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగేది అయితే మేలు. ఏడాదిపాటు ఆ కుటుంబానికి కారు ఉండకపోవచ్చు.

లీజు వాళ్ల పేరు మీదే ఉండాలి. బాండ్ (అద్దె డిపాజిట్) కూడా వాళ్ల పేరు మీదే, విక్టోరియాలో అయితే రెసిడెన్షియల్ టెనెన్సీస్ బాండ్ అథారిటీలో జమ కావాలి. ఇంట్లో దిగిన అయిదు పనిదినాల్లో, ఇల్లు ఏ స్థితిలో ఉందో రాసే కండిషన్ రిపోర్ట్ నింపి వెనక్కి ఇవ్వాలి. గోడ మీద ప్రతి గీతా, కార్పెట్ మీద ప్రతి మరకా ఫొటో తీయించండి, ఆ ఫొటోలు వాళ్ల ఫోన్‌లోనే ఉంచుకోమనండి. ఏడాది తర్వాత బాండ్ వెనక్కి వచ్చేది ఈ ఫొటోల వల్లే.

సామాన్లు, మొదటి భోజనం

సామాన్ల జాబితా రాసుకుని అందులో ఉన్నవే తీసుకోండి. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మనిషికో మంచం, గిన్నెలు. పరుపులు, దుప్పట్లు, దిండ్లు మాత్రం కొత్తవే కొనండి. వేరేవాళ్లు పడుకున్న పరుపు మీద మనింటికొచ్చిన చుట్టాన్ని పడుకోబెట్టం కదా. విరిగిన టేబుల్, పనిచేయని టీవీ ఎవరైనా ఇస్తే మర్యాదగా వద్దనండి. సోఫా రంగు, కర్టెన్ల లాంటివి వాళ్లు వచ్చి ఎంచుకోవడానికి కొంత డబ్బు మిగల్చండి. ఆప్ షాప్‌కి (పాత సామాన్లు అమ్మే చారిటీ షాపుకి) తీసుకెళ్లి నచ్చింది తీసుకోమనండి, డబ్బు వాళ్ల చేతే కట్టించండి.

ఫ్రిజ్ నింపేముందు వాళ్లు ఏం తింటారో కనుక్కోండి. మనకు సోనా మసూరి లేకపోతే భోజనం చేసినట్టుండదు. అఫ్గాన్ ఇంటికైతే పొడవు గింజ బియ్యం, నాన్, గ్రీన్ టీ, హలాల్ మాంసం కావాలి. డాండెనాంగ్ థామస్ స్ట్రీట్‌లో అఫ్గాన్ బజార్ ఉంది, మొదటి వారం ఒకసారి అక్కడికి తీసుకెళ్తే చాలు, తర్వాత దారి వాళ్లే కనుక్కుంటారు. మన ప్రేమ అంతా వంటలోనే చూపిస్తాం గానీ, మొదటి రోజే పులిహోర, గుత్తివంకాయలతో టేబుల్ నింపేయకండి. అలసిపోయి వచ్చినవాళ్లకు తెలిసిన తిండి ఒక్కటి చాలు.

దిగిన రోజు

ఎయిర్‌పోర్టుకు ఇద్దరు లేదా ముగ్గురు వెళ్లండి, ఇంటర్‌ప్రెటర్ ఉంటే మరీ మంచిది. పిల్లలున్నారంటే కారు సీట్లు ముందే బిగించి ఉంచాలి. జూన్, జూలైలో దిగేవాళ్లకైతే జాకెట్లు చేతిలో పట్టుకెళ్లండి. థాయ్ సరిహద్దు క్యాంపుల నుంచి వచ్చేవాళ్లకు మెల్‌బోర్న్ చలి అంటే ఏంటో తెలియదు. ఉపన్యాసాలు, పూలదండలు అక్కర్లేదు.

ఇంటికి చేరాక తాళాలు అన్నీ వాళ్ల చేతికే ఇవ్వండి. క్లబ్ దగ్గర ఒక్కటి కూడా ఉంచుకోకండి, ఎమర్జెన్సీ కోసం అని కూడా వద్దు. తర్వాత ఎప్పుడు వెళ్లినా బెల్ కొట్టి, తలుపు తీసేదాకా ఆగండి.

ఆ రోజు నేర్పాల్సింది కొంచెమే. స్టవ్ వెలిగించడం, ఆపడం. హీటర్. వేణ్నీళ్ల కుళాయి ఎంత వేడిగా వస్తుందో. స్మోక్ అలారం మోగితే ఎలా ఉంటుందో బటన్ నొక్కి వినిపించండి. యుద్ధం చూసి వచ్చిన పిల్లలకు ఆ శబ్దం అర్ధరాత్రి మొదటిసారి వినపడకూడదు, అందుకే ముందు చెప్పి అప్పుడు నొక్కండి. నోటితో చెప్పడం కంటే వాళ్ల చేతే చేయించడం మంచిది. ఇంటామె స్టవ్ తానే వెలిగించి టీ పెట్టుకుంటే, ఆ పాఠం అయిపోయినట్టే. పోలీసు, అంబులెన్స్, ఫైర్ కోసం చేసే 000 నంబర్ ఎందుకో చెప్పండి. పోలీసులంటే వాళ్ల దేశంలో భయం ఉండి ఉండవచ్చు. ఇక్కడ ఫోన్ చేసినందుకు ఎవరూ పట్టుకెళ్లరని ఇంటర్‌ప్రెటర్ ద్వారా స్పష్టంగా చెప్పించండి. చెత్తబుట్టల మూత రంగులు, ఏ రాత్రి ఏది బయట పెట్టాలో లాంటివన్నీ తర్వాతి వారం చూసుకోవచ్చు.

మొదటి రెండు వారాలు: కౌంటర్లు, ఫారాలు

ఫోన్ సిమ్ ముందు, ప్రీపెయిడ్‌ది. రెండేళ్ల కాంట్రాక్టుతో కొత్త ఫోన్ అంటగట్టే షాపుల నుంచి కాపాడండి. తర్వాత బ్యాంకు అకౌంట్, సెంటర్‌లింక్, మెడికేర్, టాక్స్ ఫైల్ నంబర్. శరణార్థి వీసా మీద వచ్చినవాళ్లకు సెంటర్‌లింక్‌లో మిగతా మైగ్రెంట్లకు ఉండే వెయిటింగ్ పీరియడ్ వర్తించదు. కాబట్టి ఆలస్యం చేయకుండా అప్లై చేయించండి. హెల్త్ కేర్ కార్డు చేతికొచ్చాక కరెంటు, గ్యాస్ బిల్లుల్లో రాయితీకి దాని నంబర్ ఇప్పించడం మర్చిపోకండి. ఈ రాయితీ దానంతట అది రాదు.

ఇక్కడ మన తెలుగువాళ్లకు బాగా అర్థమయ్యే తలనొప్పి ఒకటుంది, పేరు. ఇంటిపేరు ముందా వెనకా, ఇనీషియల్ విప్పి రాయాలా వద్దా అని పాస్‌పోర్ట్ నుంచి బ్యాంకు దాకా మనం పడ్డ బాధ అంతా ఇంతా కాదు. బర్మా నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి ఇంటిపేరే ఉండదు. అఫ్గాన్లలో చాలామందికి ఇంటిపేరు లేకుండా ఒక్క పేరే ఉంటుంది. పుట్టినరోజు తెలియక జనవరి 1 అని రాయించుకున్నవాళ్లు ఎందరో. వీసా గ్రాంట్ లెటర్ మీద ఎలా ఉందో ప్రతి ఫారంలో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయించండి. కౌంటర్ దగ్గర ఎవరైనా "లాస్ట్ నేమ్ లేకపోతే ఎలా" అని పేరును రెండు ముక్కలు చేస్తే అక్కడే ఆపి సరిచేయించండి. ఒక్కసారి తప్పు పడితే అది మెడికేర్ నుంచి లైసెన్స్ దాకా వెంటపడుతుంది.

భాష సంగతి. టిస్ నేషనల్ 131 450కి ఫోన్ చేస్తే ఇంటర్‌ప్రెటర్ లైన్‌లోకి వస్తారు. సెంటర్‌లింక్ తన ఇంటర్‌ప్రెటర్లను తనే ఉచితంగా పెడుతుంది, మీరు అడగాలంతే. ముందు భాష సరిగ్గా తేల్చుకోండి. అఫ్గాన్ అంటే దరీనా పష్తోనా, బర్మా అంటే బర్మీసా, కరెనా, చిన్ భాషల్లో ఒకటా, రోహింగ్యానా? కరెన్ మనిషికి బర్మీస్ ఇంటర్‌ప్రెటర్‌ని పెడితే భాష రాకపోవడం ఒక్కటే కాదు, తమ ఊరిని తగలబెట్టిన సైన్యం మాట్లాడే భాషలో తన ఒంటినొప్పి చెప్పుకోవాల్సి వస్తుంది. ఆడవాళ్ల ఆరోగ్యం విషయంలో ఇంటర్‌ప్రెటర్‌గా ఆడమనిషే కావాలా అని అడగండి.

హైదరాబాదు ఉర్దూ వచ్చిన మెంబర్లు ఇక్కడ బాగా అక్కరకొస్తారు. పాకిస్తాన్‌లోని క్వెట్టాలో ఏళ్లపాటు తలదాచుకున్న హజారాల్లో (అఫ్గాన్‌లోని ఒక తెగ) చాలామందికి ఉర్దూ వచ్చు. హిందీ సినిమాలు చూసి మాటలు పట్టిన అఫ్గాన్ పిల్లలూ ఉంటారు. కబుర్లకు, షాపింగ్‌కు, నవ్వులకు ఆ ఉర్దూ చాలు. డాక్టర్ దగ్గర, లీజు దగ్గర, కోర్టు కాగితం దగ్గర మాత్రం ప్రొఫెషనల్ ఇంటర్‌ప్రెటరే ఉండాలి. పిల్లల చేత తల్లిదండ్రుల జబ్బు సంగతులు అనువాదం చేయించడం ఎప్పుడూ వద్దు.

ఆరోగ్యం, బడి

శరణార్థుల ఆరోగ్యం మీద అనుభవం ఉన్న క్లినిక్‌ని ఎంచుకోండి. చాలా కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో రెఫ్యూజీ హెల్త్ నర్సులు ఉంటారు. మొదటి నెలలో పూర్తి చెకప్, మిగిలిపోయిన టీకాలు, పళ్లు, కళ్లు చూపించండి.

పిల్లలకు ఇంగ్లిష్ రాకపోతే నేరుగా మామూలు బడికి కాకుండా ముందు ఇంగ్లిష్ లాంగ్వేజ్ స్కూల్‌కి పంపే వీలుంది. అక్కడ కొన్ని నెలలు చదివాక దగ్గర్లోని బడికి మారతారు. యూనిఫాం కోసం చందాలు వేయకముందు బడివాళ్లను అడగండి, విక్టోరియాలో స్టేట్ స్కూల్స్ రిలీఫ్ అనే సంస్థ బడి ద్వారా యూనిఫాంలు, బూట్లు ఇప్పిస్తుంది. ఉన్న హక్కు ముందు, క్లబ్ డబ్బు తర్వాత.

నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, మాట్లాడకుండా కూర్చోవడం కనిపిస్తే విక్టోరియాలో ఫౌండేషన్ హౌస్ ఉంది. హింస, యుద్ధం చూసి వచ్చినవాళ్ల కోసమే పనిచేసే సంస్థ అది. మీరు మాత్రం "ఏం జరిగింది, ఎలా తప్పించుకొచ్చారు" అని తవ్వకండి. వాళ్లంతట వాళ్లు చెప్తే వినండి. విన్నది క్లబ్ మీటింగ్‌లో చెప్పకండి.

ఇంగ్లిష్, ఉద్యోగం

పెద్దవాళ్లకు ఏఎంఈపీ అనే ప్రభుత్వ కార్యక్రమం ఇంగ్లిష్ క్లాసులు ఉచితం. 2021 నుంచి గంటల పరిమితి కూడా లేదు. బడికెళ్లే వయసు రాని పిల్లల్ని క్లాసు సమయంలో ఉచితంగా చూసుకుంటారు. చిన్న పిల్లల తల్లులకు ఈ సంగతి తెలియక ఇంట్లోనే ఉండిపోతారు, అందుకే మొదటి నెలలోనే చెప్పండి. క్లాసుతోపాటు వారానికి ఒకసారి ఇంటికెళ్లి టీ తాగుతూ ఇంగ్లిష్‌లో మాట్లాడే మనిషి ఒకరుంటే నోరు త్వరగా తిరుగుతుంది.

ఉద్యోగం దగ్గర నేను మన తెలుగువాళ్ల మీద చాలా ఆశ పెట్టుకున్నాను. "లోకల్ ఎక్స్‌పీరియన్స్ ఉందా" అనే ప్రశ్న మనలో ఎందరిని వేర్‌హౌస్‌లోనో, టాక్సీలోనో కూర్చోబెట్టిందో గుర్తుందిగా. మనకు ఆ గండం దాటించింది ముందొచ్చిన ఇంకో తెలుగాయన రిఫరెన్స్. ఈ కుటుంబానికి ఆ ముందొచ్చిన మనిషి మీరే కావాలి. రెజ్యూమే రాయించండి, ఇంటర్వ్యూ ప్రాక్టీస్ చేయించండి, క్లబ్ పనుల్లో కొన్నాళ్లు కలిసి పనిచేసి నిజాయితీగా రిఫరీగా నిలబడండి. ఇంజనీరో, టీచరో అయితే చదువును ఇక్కడ గుర్తింపజేసుకునే దారి ఒకపక్క మొదలుపెట్టించి, మరోపక్క వెంటనే దొరికే పని చూడండి. దొరికిన మొదటి పనిలోకే తోసేయకండి.

ఇది ఎంత బాగా జరగగలదో చెప్పడానికి నిల్ అనే ఊరు ఉంది. మెల్‌బోర్న్‌కీ అడిలైడ్‌కీ మధ్య, సుమారు 2,000 జనాభా. 2010 ప్రాంతంలో అక్కడి బాతుమాంసం కంపెనీ లవ్-ఎ-డక్‌కి పనివాళ్లు దొరకలేదు. అప్పటి జనరల్ మేనేజర్ జాన్ మిల్లింగ్టన్, ఏమ్స్ సాయంతో వెర్రిబీ వైపు ఉన్న కరెన్ కుటుంబాలను పిలిచారు. నేరుగా ట్రక్కు ఎక్కించి తీసుకెళ్లలేదు. ముందు కొందరు ఊరు చూసి వెళ్లారు. ఊరివాళ్లకూ వస్తున్నది ఎవరో, ఎందుకు వస్తున్నారో చెప్పారు. ఇళ్లు సిద్ధమయ్యాకే కుటుంబాలు కదిలాయి. 2015లో డెలాయిట్, ఏమ్స్ కలిసి లెక్కగడితే, ఆ రాకవల్ల ఆ ప్రాంత ఆర్థిక వ్యవస్థకు 4.15 కోట్ల డాలర్లు చేరాయని, 70కి పైగా ఉద్యోగాలు పెరిగాయని తేలింది. మీ క్లబ్‌లో ఎవరికైనా వ్యాపారం ఉంటే ఈ కథ చెప్పండి.

ఇబ్బందులు వస్తాయి

మూడో నెలకు వాలంటీర్ల ఉత్సాహం తగ్గుతుంది. అందుకే మొదటి వారంలో రోజూ పదిమంది వెళ్లకుండా, ఏడాదికి సరిపడా వంతులు వేసుకోండి. కుటుంబం డబ్బు మీకు నచ్చని విధంగా ఖర్చుపెడుతుంది. క్యాంపులో ఉన్న తల్లికి పంపడం కావచ్చు, పెద్ద టీవీ కొనుక్కోవడం కావచ్చు. మనం ఇంటికి డబ్బు పంపకుండా ఉన్నామా? అది వాళ్ల డబ్బు. అద్దె బాకీ పడుతున్నప్పుడు మాత్రం కూర్చుని లెక్క చూపించండి. వాళ్లు ఆరో నెలలో వేరే ఊరికి, తమవాళ్లున్న చోటికి వెళ్లిపోతామంటే బాధపడకుండా సామాన్లు సర్దడానికి సాయం చేయండి. మనమూ మనవాళ్లున్న శివారే వెతుక్కుని వచ్చాం.

చివరి నెలలు

తొమ్మిదో నెల నుంచి చేసే పనులు తగ్గించండి. డాక్టర్ అపాయింట్‌మెంట్ వాళ్లే ఫోన్ చేసి తీసుకోవాలి, మీరు పక్కన కూర్చుంటే చాలు. తర్వాత పక్కన కూడా వద్దు. బిల్లు కట్టడం, 131 450 వాడటం, బడి నుంచి వచ్చిన ఉత్తరం అర్థం చేసుకోవడం, ఏజెంట్‌కి రిపేర్ కోసం రాయడం, ఈ నాలుగూ సొంతంగా చేస్తున్నారా చూడండి. ఏది రాకపోతే మిగిలిన రోజులు దాని మీదే పెట్టండి.

గడువు ముగిసే తేదీ ముందే చెప్పండి, ఆ తర్వాత స్నేహం ఉంటుందో లేదో వాళ్ల ఇష్టానికి వదిలేయండి. లెక్కలు క్లబ్‌కి అప్పజెప్పి, మిగిలిన డబ్బు ఏం చేయాలో దాతలకు ఇచ్చిన మాట ప్రకారం చేయండి. ఆఖరి పని: ఏడాది పొడవునా అప్లికేషన్ల కోసం మీ ఫోన్లలో, ఈమెయిళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో చేరిన వాళ్ల వీసా కాపీలు, బ్యాంకు వివరాలు, మెడికల్ కాగితాలు. అన్నీ వాళ్ల దగ్గర భద్రంగా ఉన్నాయో లేదో కలిసి సరిచూసుకోండి, తర్వాత ప్రతి మెంబర్ చేత తన దగ్గరున్నవి డిలీట్ చేయించండి.